ఇందులో మీ పాప బొమ్మ ఏది? ఒక ప్రత్యామ్నాయ బడిలో బొమ్మల తరగతి: కేస్ స్టడీ

పిల్లల్ని స్వేచ్ఛగా గీయనివ్వాలా, చెప్పి గీయించాలా అన్న వాదన, బొమ్మల పాఠాల మీద సలహా చెప్పడానికి నేను వెళ్లే ప్రతి బడిలోనూ ఎదురవుతుంది. ఈ కేసులో ఆ వాదన అటూ నిలబడలేదు, ఇటూ నిలబడలేదు. అందుకే రాస్తున్నాను. బడి ఏదో, ఊళ్లో ఎక్కడుందో, పాప ఎవరో తెలిసే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. రాయడానికి అమ్మానాన్నలూ, టీచరు గారూ ఒప్పుకున్నారు.

నేపథ్యం

విశాఖలో ఒక చిన్న బడి, నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా. యూనిఫాం లేదు, ర్యాంకులు లేవు. టీచర్లను పిల్లలు అక్కా అని పిలుస్తారు. మనవాళ్లకు ప్రత్యామ్నాయ బడి అనగానే మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గుర్తొస్తుంది గానీ, ఈ బడి దారి వేరు. ఇది వాల్డార్ఫ్ పద్ధతి బడి. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, వాల్డార్ఫ్ ఆస్టోరియా సిగరెట్ల ఫ్యాక్టరీ యజమాని ఎమిల్ మోల్ట్ తన కార్మికుల పిల్లల కోసం బడి పెట్టమని ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్‌ను అడిగాడు. ఆ ఫ్యాక్టరీ పేరే పద్ధతికి నిలిచిపోయింది.

ఈ బళ్లలో బొమ్మ వారానికో పీరియడు కాదు, చదువంతా బొమ్మ మీదే నడుస్తుంది. చిన్న తరగతుల్లో అచ్చు పుస్తకాలు దాదాపు ఉండవు. టీచరు బోర్డు మీద రంగు సుద్దలతో వేసినది చూసి పిల్లలు తమ పుస్తకం తామే తయారు చేసుకుంటారు. ఒకటో తరగతి మొదటి రోజు పాఠం ఒక నిలువు గీత, ఒక వంపు గీత. అక్కడి నుంచి అలలు, చుట్లు, రెండో తరగతికి వచ్చేసరికి అద్దంలో చూసినట్టు ఎడమ సగానికి కుడి సగం పూరించడం. వారానికో రోజు తడి కాగితం మీద రంగులు. మందపాటి కాగితాన్ని నీళ్లలో నానబెట్టి, బల్ల మీద పరిచి, స్పాంజితో అద్ది, వెడల్పాటి కుంచెతో పల్చటి రంగు వేస్తారు. పసుపు, నీలం, ఎరుపు, అంతే. అంచు గీత ఉండదు. పసుపు వెళ్లి నీలాన్ని తాకితే అక్కడ ఆకుపచ్చ పుడుతుంది, రూపం దానంతట అది తేలాలి. పెన్సిల్ బదులు మైనపు క్రేయాన్లు, అదీ దిమ్మల్లా ఉన్నవి. వాటితో సన్నగీత గీద్దామన్నా రాదు. ఈ బడిలో మూడో తరగతి దాకా నల్లరంగు ఇవ్వరు.

టీచరు ముందు ఒక కథ చెబుతారు, తాను వేసి చూపిస్తారు, పిల్లలు అదే వరసలో వేస్తారు. ఎండాక అన్నీ గోడకెక్కుతాయి. ఆవు పాఠమైతే తరగతిలో ఎందరుంటే అన్ని ఆవులు, అన్నీ ఎడమ వైపుకే చూస్తూ.

దీన్ని చూసి నవ్వడం తేలిక. నేను నవ్వను, ఎందుకంటే దీని వెనక గట్టి ఆలోచనే ఉంది. స్టైనర్ రంగుల గురించి చెప్పినదంతా 1810లో జర్మన్ కవి గోథే రాసిన వర్ణ సిద్ధాంతం మీద నిలబడింది. పిల్లకు ముందు రంగు అనుభవంలోకి రావాలి, వస్తువు అంచులు తర్వాత. బొమ్మ బాగా రావడం ఇక్కడ లెక్కలోకి రాదు, తడిలో రంగు పరుగెత్తుతుంటే చూస్తూ, ఆగి, కుంచెను అదుపులో పెట్టడం అసలు పని. ఆరేడేళ్ల పిల్లలు ఆ కాసేపూ ఊపిరి బిగబట్టినట్టు కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. మామూలు డ్రాయింగ్ పీరియడులో ఆ నిశ్శబ్దం దొరకదు.

సమస్య

తల్లిదండ్రుల సమావేశంలో మూడో తరగతి చదువుతున్న ఒక పాప తల్లి రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి, "మేడమ్, ఇందులో మా పాపది ఏదో మీరే చెప్పండి" అన్నారట. ఒకటి వాళ్ల పాపది, ఇంకోటి పక్కింటి బాబుది. టీచరు గారు క్షణం ఆలోచించకుండా చెప్పేశారు. ఈ పాప పసుపును ఎప్పుడూ కాగితం అంచు దాకా తీసుకెళ్లదు, ఆ బాబు నీళ్లు ఎక్కువ వాడతాడు. చూడండి, రెండూ ఒకటి కావు అని ఆవిడ అన్నారు. "మీకు తెలిస్తే చాలా? నాకు తెలియొద్దా? దానికి తెలియొద్దా?" అని తల్లి అడిగారు. ఆ మూడో ప్రశ్న దగ్గరే నన్ను పిలిచారు.

పాపకు తొమ్మిదేళ్లు. రంగులు వేసే రోజున పొద్దున్నే కడుపునొప్పి వస్తోంది. బడికి వచ్చినా కుంచె పట్టుకుని కూర్చుంటుంది, మిగతావాళ్లు ఎక్కడిదాకా వచ్చారో చూసి అంతవరకే వేస్తుంది. ఒకరోజు కాగితమంతా నీలం పూసేసి "రాత్రయిపోయింది" అంది. టీచరు గారు కోప్పడలేదు. ఇంకో తడి కాగితం తెచ్చి ముందు పెట్టారు. ఆవిడ ఉద్దేశంలో అది దయ. పాప మాత్రం ఆ కొత్త కాగితాన్ని, నువ్వు వేసినది లెక్కలోకి రాదు అన్న మాటగానే తీసుకుంది. ఇది నా ఊహ కాదు, తర్వాత తానే వాళ్లమ్మతో చెప్పింది.

లెక్కల పుస్తకం వెనక పేజీలు ఇంకో కథ చెప్పాయి. వాళ్ల మేడ మీంచి పోర్టు క్రేన్లు కనిపిస్తాయి. బాల్ పెన్నుతో క్రేన్లు, ఓడలు, బొగ్గు వ్యాగన్లు, వ్యాగన్ల మధ్య కొక్కేలు. క్రేన్ నిచ్చెనకు మెట్లు లెక్కపెట్టి వేసింది. చూపు సరిగా లేదేమో, చేతి పట్టు లేదేమో అని మొదట అడగాల్సిన ప్రశ్నలు ఉంటాయి. ఆ పేజీలు చూశాక వాటిని పక్కన పెట్టాను. టీచరంటే భయమా అంటే, మధ్యాహ్నం అన్నం ఆవిడ పక్కనే కూర్చుని తింటుంది.

సలహా చెప్పేముందు ఒక పరీక్ష పెట్టాను. ఎక్కడి నుంచో తెచ్చింది కాదు, తల్లి అడిగిన ప్రశ్నే. నెల కిందట వేసిన బొమ్మలన్నీ పేర్లు కనపడకుండా నేల మీద పరిచి, ఎవరిది వాళ్లు తీసుకోండి అన్నాను. ఒకటో తరగతి పిల్లలు ఎగబడి తీసుకున్నారు, తప్పు దాదాపు పోలేదు. ఇద్దరు ఒకే కాగితం కోసం పోట్లాడుకున్నారు, వెనక పేరు చూస్తే ఒకరు మాత్రమే పొరబడ్డారు. మూడో తరగతిలో తటపటాయింపు మొదలైంది. సగంమంది కాగితం తిప్పి పేరు చూడబోయారు. ఈ పాప వంగలేదు కూడా. "ఏదైనా ఒకటే కదక్కా" అంది.

అదే పద్ధతి, అదే రకం కాగితం, ఒకటో తరగతిలో ఎవరి బొమ్మ వాళ్లదే, మూడో తరగతికి వచ్చేసరికి కాకుండా పోయింది. కాబట్టి తప్పు పద్ధతిలోనో పిల్లలోనో విడిగా వెతికితే దొరకదు, వయసు దగ్గర వెతకాలి అనుకున్నాను.

ముందు ఏం ప్రయత్నించారు

తల్లిదండ్రులు కోరింది ఒకటే: శుక్రవారం ఒక పీరియడు పిల్లల ఇష్టానికి వదిలేయండి. టీచర్లకు ఇష్టం లేదు, ఏదో ఒకటి గీసేస్తారు అన్నారు. పెట్టి చూద్దామని నేనే అన్నాను. రెండు వైపులా నమ్మకాలు బలంగా ఉన్నప్పుడు, కళ్ల ముందు ఏం జరుగుతుందో అందరూ కలిసి చూడటం మంచిదని నా లెక్క. కొత్త కాగితాలు, పెన్సిళ్లు, స్కెచ్ పెన్నులు ఇచ్చి, ఇష్టమైనది గీయమన్నారు.

రెండు కొండలు వచ్చాయి. మధ్యలో సగం సూర్యుడు, గీతల కిరణాలతో. కొండల్లోంచి ఏరు, ఏటి పక్క పెంకుటిల్లు, కొబ్బరి చెట్టు, ఆకాశంలో నాలుగు పిట్టలు. తెలుగు దేశంలో బడికెళ్లిన ఎవరికైనా ఆ బొమ్మ చేతికి వచ్చు, ఇది చదువుతున్న మీకూ వచ్చు. ఇంటికెళ్లే దారిలో రోజూ సముద్రం చూసే పిల్లల్లో సముద్రం వేసినవాళ్లు ఇద్దరు, వాళ్లూ అందులో కొండల మధ్య సూర్యుణ్ణే పెట్టారు. మిగిలినవి టీవీ బొమ్మలు. ఈ పాప మొదట్లో తెల్ల కాగితం ఇచ్చేసింది, తర్వాత తనూ రెండు కొండలు వేసింది.

గోడ మీద ఆవులు కనీసం రంగుల్లో తేడాగా ఉన్నాయి. కొండలు గీతకు గీత ఒకటే.

ఇందులో వింతేమీ లేదు. పిల్లలు బొమ్మలు వేయడం చాలావరకు ఇతర బొమ్మలు చూసే నేర్చుకుంటారని అమెరికాలో కళా విద్య పరిశోధకులు బ్రెంట్ విల్సన్, మార్జొరీ విల్సన్ దంపతులు 1970లలోనే వాదించారు. అంతకుముందు, 1897లో వియన్నాలో చిత్రకారుడు ఫ్రాంజ్ చిజెక్ పిల్లల కోసం పెట్టిన బొమ్మల తరగతిని స్వేచ్ఛకు మారుపేరుగా చెప్పుకునేవారు. అక్కడి నుంచి వచ్చిన బొమ్మలకూ ఒక ఇంటి పోలిక ఉందని తర్వాతివాళ్లు గుర్తించారు. ఏమీ చెప్పకపోతే పిల్ల లోపలి నుంచి గీస్తుందనుకుంటాం. నిజానికి అప్పటికి చేతికి దగ్గరగా ఉన్నది గీస్తుంది. మన ఊళ్లలో చేతికి దగ్గరగా ఉన్నది రంగులద్దే పుస్తకం, అన్నయ్య గీసిన కొండలు, ఆగస్టు 15కి జరిగే పోటీలో బహుమతి వచ్చిన బొమ్మ.

ఈలోగా వాళ్లమ్మ పాపను ఆదివారం డ్రాయింగ్ క్లాసులో చేర్చారు. అచ్చేసిన బొమ్మకు గళ్లు గీసి, గడి వెంట గడి ఎక్కించే క్లాసు. బడివాళ్లు నొచ్చుకున్నారు. నేనూ ఇది ఎక్కువ రోజులు సాగదనే అనుకున్నాను. పాప ఒక్క వారం మానలేదు. కడుపునొప్పి లేదు. చిలక బొమ్మ తెచ్చి టీచరుకు చూపించింది.

ఇక్కడే కేసు మలుపు తిరిగింది. బడి కన్నా బిగింపు ఎక్కువ ఉన్న చోట పాపకు బాగుంది, పూర్తిగా వదిలేసిన చోట బాగాలేదు. పిల్లకు కావలసింది స్వేచ్ఛ అన్న తల్లిదండ్రుల మాటతో ఇది కుదరదు. అచ్చు చూసి దింపడం పిల్లను చంపేస్తుంది అన్న బడి మాటతోనూ కుదరదు. ఆదివారం క్లాసులో ఏం నచ్చిందని అడిగితే పాప చెప్పినవి మూడు: పెన్సిల్ ఉంటుంది, రబ్బరు ఉంటుంది, ఎంతవరకు అయిందో తెలుస్తుంది.

ఎలా ఆలోచించాం

తొమ్మిదేళ్ల ప్రాంతంలో పిల్లల బొమ్మల్లో ఒక మార్పు వస్తుంది. దీని గురించి కళా విద్య పండితుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వివరంగా రాశాడు. ఏడు నుంచి తొమ్మిది దాకా పిల్ల దగ్గర మనిషికో గుర్తు, చెట్టుకో గుర్తు ఉంటాయి, కింద ఒక నేల గీత ఉంటుంది. తొమ్మిది దాటాక ఆ గుర్తులు చాలవు. చొక్కాకు గుండీలు కావాలి, ఒకదాని వెనక ఒకటి ఉండాలి, వస్తువు వస్తువులా కనపడాలి. తన బొమ్మను తానే విమర్శించుకోవడం మొదలయ్యేదీ, చాలామంది ఇక నాకు రాదు అని బొమ్మలు మానేసేదీ ఆ వయసులోనే.

ఆ వయసు పిల్ల చేతికి గీత పడని క్రేయాన్ దిమ్మ, అంచు నిలవని తడి కాగితం ఇస్తున్నాం. తనకు మెట్లు లెక్కపెట్టాలని ఉంది, కాగితం ఒప్పుకోదు.

విశాఖ గాలి దీనికి తోడైంది. ఇది నేను ఎక్కడా చదవలేదు, చూసి చెబుతున్నాను. ఇక్కడి ఉక్కలో నానిన కాగితం త్వరగా ఆరదు. రంగు పీరియడు అయ్యేదాకా పాకుతూనే ఉంటుంది, వేసిన రూపం విడిపోతుంది. రూపం నిలవడం లేదని టీచరు గారు ఇక్కడ ఇంత, అక్కడ అంత అని ఇంకా కచ్చితంగా చెప్పి వేయించేవారు. కాలక్రమంలో పాఠం బిగుసుకుపోవడానికి సిద్ధాంతం ఎంత కారణమో తేమ అంత కారణం. పైగా ఖర్చు తగ్గుతుందని కొన్నాళ్లుగా పల్చటి కార్ట్రిడ్జ్ కాగితం వాడుతున్నారు, అది నానితే లేచి ముడతలు పడుతుంది.

టీచరు గారితో లోవెన్‌ఫెల్డ్ పేరుతో మాట్లాడి ఉంటే, ఆవిడ మర్యాదగా విని పక్కన పెట్టేవారు. బయటి పుస్తకం చూపించి బడి పద్ధతిని మార్చమనడం నేను చాలా చోట్ల ఫలించకపోవడం చూశాను. కానీ స్టైనర్ కూడా తొమ్మిదో ఏటిని ఒక గడపగా చెప్పాడు. అప్పటిదాకా లోకంలో కలిసిపోయి ఉన్న పిల్ల, తాను వేరు లోకం వేరు అని అప్పుడే గమనిస్తుందని. మూడో తరగతిలో ఇల్లు కట్టడం, పొలం పని లాంటి చేతిపనుల పాఠాలు ఈ పద్ధతిలో ఉన్నది అందుకే. "టీచర్ గారూ, మిగతా పాఠాలన్నీ ఆ గడప దాటాయి కదా, బొమ్మల పాఠం ఇంకా ఇవతలే ఉందేమో చూడండి" అన్నాను. ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడు, మూడో తరగతికి మాత్రం మార్చి చూద్దాం, ఒకటి రెండు తరగతుల జోలికి వెళ్లొద్దు అని ఒప్పుకున్నారు. ఆ షరతు సరైనదే. ఒకటో తరగతిలో మార్చాల్సిన అవసరం ఏమీ కనిపించలేదు.

ఏం మార్చాం

మొదటిది టీచరు వేసి చూపే బొమ్మ. వేసి చూపడం మాన్పించలేదు. తడి కాగితం మీద కుంచె ఎంత నొక్కాలో మాటల్లో చెప్పడం అయ్యే పని కాదు. చూపించాక ఆ కాగితాన్ని బోర్డు మీద ఉంచకుండా తీసేయడం మొదలుపెట్టారు. పాఠం కూడా ఆవు వేద్దాం అని కాకుండా, ఈరోజు నీలం ఇల్లంతా ఆక్రమించేసింది, పసుపుకు లోపలికి రావాలని ఉంది, ఎక్కడి నుంచి వస్తుందో మీరే చూడండి అని మారింది. పల్చటి కాగితం బదులు మందపాటిది వచ్చింది, ఖర్చు సర్దుకోవడానికి సైజు సగం చేశారు. తడి కాగితాన్ని ఫ్యాను కింద కాసేపు ఉంచి, మెరుపు తగ్గాక రంగు మొదలుపెట్టారు. అంతమాత్రానికే రంగులు నిలబడటం మొదలైంది. ఈ మార్పుల్లో అన్నిటికన్నా చవకైనదీ, అన్నిటికన్నా పనిచేసినదీ ఆ ఫ్యాను.

రెండోది మేం అనుకున్నది కాదు. అద్దంలో చూసినట్టు గీసే పాఠాలు మూడో తరగతిలోనూ సాగుతున్నాయి, పిల్లలకు విసుగు. ఆ బడి గేటు ముందు ఆయమ్మ రోజూ మెలికల ముగ్గు వేస్తుంది. టీచరు గారే ఆవిణ్ణి తరగతికి పిలిచారు. ఆయమ్మ నల్లబోర్డు మీద చుక్కలు పెట్టింది: 7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేదాకా. "సుక్కలు నాను పెడతాను. మెలిక ఎటు తిప్పుకుంటారో మీ ఇష్టం" అంది. తర్వాత ఒకణ్ణి చూసి, "ఆ సుక్కనొదిలేసినావేటి? ఒక్క సుక్కా బైటుండిపోకూడదు" అంది. నియమాలు కఠినమైనవే. గీత చుక్కను తాకకూడదు, చుక్క బయట మిగలకూడదు, మొదలైన గీత మొదలైన చోటికే చేరాలి. అవే చుక్కల మీద ఎవరి ముగ్గు వాళ్లకు వచ్చింది. కొందరిది ఒకే గీతలో ముగిసింది, కొందరికి మూడు చుట్లు పడ్డాయి. ఎందుకలా అని తరగతిలో లెక్కల చర్చ కూడా నడిచింది. ఈ పాప ఆ రోజు గంట కొట్టాక కూడా లేవలేదు.

స్టైనర్ చెప్పిన గీతల పాఠానికీ, మెలికల ముగ్గుకూ ఎంత దగ్గరి చుట్టరికమో ఇన్నేళ్లూ ఎవరికీ తట్టకపోవడం మాత్రం నాకు వింతగానే ఉంది. గేటు దాటి లోపలికి వచ్చేటప్పుడు అందరూ దాన్ని దాటుకునే వస్తారు.

మూడోది నల్ల పెన్ను. దీని మీద వాదన గట్టిగానే జరిగింది. నల్లరంగు ఇస్తే పిల్లలు రంగును మర్చిపోతారని టీచర్ల భయం. నిజమే, అంచు గీసి లోపల నింపే అలవాటు పడితే పోదు. అందుకే రంగులకూ పెన్నుకూ వేర్వేరు రోజులు పెట్టాం, ఒకే కాగితం మీద రెండూ కలవకూడదు అన్నాం. రబ్బరు ఇవ్వలేదు. పాపకు రబ్బరు ఇష్టమని తెలిసీ ఇవ్వలేదు. రబ్బరుంటే మొదటి గీత దగ్గరే అరగంట ఆగిపోతారు, మెట్లు లెక్కపెట్టిన ఆ బాల్ పెన్ను పేజీల్లో కూడా చెరిపింది ఏదీ లేదు.

పెన్నుతో ఏం గీయాలన్నది అసలు ప్రశ్న. ఇష్టమైనది గీయమంటే ఏమవుతుందో శుక్రవారాలు చూపించాయి. ఎదురుగా కదలకుండా నిలబడే వస్తువు కావాలి, దాన్ని గీయడానికి ముందే తయారైన గుర్తు పిల్లల దగ్గర ఉండకూడదు. ఈ ఊళ్లో దానికి వెతుక్కోనక్కర్లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఒడ్డున, పక్కపక్కనే కట్టేసి ఉంటాయి. అప్పటికి ఒంటిపూట బడులు నడుస్తుంటాయి, వేసవి సెలవులకు ఇంకా వారం ఉంటుంది. ఎండ ఎక్కకముందే వెళ్లి రావచ్చు.

అక్కడ మేం పెట్టిన నియమాలు ఆదివారం క్లాసు కన్నా తక్కువ కాదు. అరచేతంత కాగితం. ఒక్క పెన్ను. అట్టముక్కలో కోసిన చిన్న కిటికీలోంచి చూడాలి, కిటికీలో కనిపించినంతే గీయాలి. పూర్తి బోటు వేయకూడదు. ఈ చివరి నియమం ముఖ్యం. పూర్తి బోటు వేయమంటే అందరి దగ్గరా బోటు గుర్తు ఉంది, కింద అరచంద్రం, మీద త్రికోణం. ముక్క వేయమంటే ఆ గుర్తు ఎందుకూ పనికిరాదు. తాడు ముడి, తుప్పు పట్టిన లంగరు, కుప్ప పోసిన వల, రిజిస్ట్రేషన్ నంబరులో సగం అంకెలు.

అంతా సవ్యంగా సాగిందని చెప్పను. ఇద్దరు వాసనకు తట్టుకోలేక వ్యాన్‌లోనే ఉండిపోయారు. కొందరు బోట్ల నంబర్లే రాసుకొచ్చారు. అప్పటిదాకా రంగుల్లో హాయిగా తేలిన ఒక బాబు పెన్ను పట్టేసరికి బిగుసుకుపోయి ఏడ్చాడు. వాడికి మళ్లీ కుంచే ఇవ్వమన్నాం. ఈ పాప వల తేలడానికి కట్టే బుంగలు వేసింది. ఒకదాని మీద ఒకటి పడి ఉన్నవాటిని వేయబోయి, వెనకది ముందుకొచ్చేసిందని చిరాకుపడి, "వెనకాల ఉన్నది వెనకాలే ఉండాలంటే ఎలా గీయాలో చెప్పక్కా" అంది.

టీచరు గారు నా వైపు చూశారు. చెబితే దిద్దబెట్టినట్టవుతుందా? నా అభిప్రాయం, అడిగినప్పుడు చెప్పాలి. పిల్ల అడిగిన సంగతి చేతికి పనిముట్టు అవుతుంది, అడగకముందు చెబితే అదే సంగతి మోత. అయితే అడిగినంతే చెప్పాలి. దూరం పోయేకొద్దీ గీతలు ఒక బిందువు దగ్గర కలుస్తాయన్న పాఠం ఈ వయసుకు కాదు, ఆ పద్ధతిలో అది పై తరగతులకు ఉంది. టీచరు గారు చెప్పింది ఒక్కటే: ముందున్నది మొదట పూర్తిగా వేసెయ్, వెనకదాని గీత ముందుదాన్ని తాకిన చోట ఆపెయ్. పాప మిగతా పొద్దంతా అదే పని చేసింది.

ఏమైంది

సెలవులకు ముందు పోల్చుకునే పరీక్ష మళ్లీ పెట్టాం, పెన్ను బొమ్మలూ, కొత్త తడి బొమ్మలూ కలిపి. పెన్ను బొమ్మల్లో ఎవరూ తడుముకోలేదు, అది ఊహించిందే. తడి బొమ్మల్లో కూడా ఎక్కువమంది తమవి తాము తీసుకోవడం నాకు ముఖ్యంగా తోచింది. పాప తన రెండూ తీసుకుని, పక్కవాడిది వాడికి అందించి, "ఇది నీదే, నీళ్లు కారిపోయింది చూడు" అంది. వాళ్లమ్మ కన్నా ముందు టీచరు గారు చూడగలిగిన తేడాను ఇప్పుడు పాప చూస్తోంది.

కడుపునొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. తడి రంగులంటే ఇప్పటికీ పెద్ద ఇష్టం లేదు, వేస్తుంది. ఇష్టం ఉండాలని మేమూ పట్టుబట్టలేదు. ఆదివారం క్లాసు తానే మానేసింది. బొమ్మలన్నీ చిలకలేనట.

వాళ్ల నాన్నగారు అడిగింది ఇంకోటి: ఇవన్నీ బాగున్నాయి, డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షకు పనికొస్తాయా? ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే పరీక్ష అది, డ్రాయింగ్ టీచర్ కావాలనుకునేవాళ్లకు అవసరం. దానికి కావలసిన సాధన పెద్దయ్యాక చేసుకోవచ్చు, తొమ్మిదేళ్లకు దాని గురించి ఆలోచించక్కర్లేదు అని చెప్పాను. ఆయనకు ఆ జవాబు పెద్దగా నచ్చలేదు.

ఇప్పుడు నేను ఏ బడికి వెళ్లినా స్వేచ్ఛ ఎంత ఇస్తున్నారని అడగడం మానేశాను. మీరు దేన్ని ముందే నిర్ణయిస్తున్నారు అని అడుగుతున్నాను. కాగితం, సాధనం, సమయం, చూసే చోటు, నియమం, ఇవి టీచరు ఎంత కచ్చితంగా నిర్ణయించినా పిల్లకు జాగా మిగులుతుంది. చివరికి కాగితం మీద ఏం కనిపించాలో కూడా నిర్ణయించినప్పుడే, తొమ్మిదేళ్ల పిల్ల చేతిలోంచి ఆ కాగితం జారిపోతుంది. ఆరేళ్ల పిల్లకు ఆ చివరిది కూడా అంత బాధ కాదని ఒకటో తరగతివాళ్లే చూపించారు. కాబట్టి ఇది అన్ని వయసులకూ వర్తించే మాట అని నేను అనను.

తేలనివి ఉన్నాయి. గోడ విషయం తేలలేదు. తడి బొమ్మలు గోడకు వరసగా పెట్టొద్దు, ఎవరి ఫైల్లో వాళ్లవి ఉండనివ్వండి అని నా సలహా. అడ్మిషన్లకు వచ్చేవాళ్లు ఆ గోడ చూసే చేరతారు, అది మా బడి ముఖం అని యాజమాన్యం అంటోంది. డబ్బుల సంగతి కూడా ఉంది కాబట్టి ఆ మాటను తీసిపారేయలేను. రెండోది, ఈ పద్ధతిలో టీచరు పిల్లలతోపాటే పై తరగతికి వెళ్తారు. ఈవిడ నాలుగుకు వెళ్లారు. మూడో తరగతి తీసుకున్న టీచరు గారు, నమూనా బొమ్మ బోర్డు మీద లేకపోతే నెమ్మదిగా ఉండే పిల్లలు దిక్కు తోచక కూర్చుంటారని, తాను తీయనని అంటున్నారు. ఆవిడ తరగతిలో అలాంటి పిల్లలు ఇద్దరు నిజంగానే ఉన్నారు. జూలైలో అక్కడ కూడా పేర్లు కనపడకుండా బొమ్మలు నేల మీద పరిచి, ఎవరెవరు తమవి తీసుకుంటారో చూశాక మిగతాది మాట్లాడుకుందామని ఒప్పందం.